కొర్రలు కలిసిన ఒడిబియ్యం

“మీ ఊరివాళ్ళు ఆమెను ఎందుకు పంపించేశారు?”

పోయిన నెలలో మా ఇంటికి వచ్చిన జపాను అమ్మాయి నన్నడిగిన మొదటి మాట ఇది. మంచినీళ్ళ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. అమ్మాయి అంటున్నాను గాని నలభై దాటే ఉంటాయి. నా వయసుకు అందరూ అమ్మాయిలే. గిద్దలూరు స్టేషను దగ్గర దిగి పాత మిషను బడి ఎక్కడని అడిగితే, ఆ బడి టీచర్లలో మిగిలింది సుగుణమ్మ ఒక్కతేనని ఎవరో చెప్పి నా దగ్గరికి పంపారట.

“పంపించడమేమిటి తల్లీ, ఎవరు పంపించారు? ఆమే కదా రాలేదు” అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి చెప్పింది, తనకు చదువు చెప్పిన ఆమె కిందటి చలికాలంలో చనిపోయిందని. ఇన్నేళ్ళుగా ఆమె మీద కోపంగా ఉన్నదాన్ని, ఆమె పోయిందనగానే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె పేరు మా ఎవరి నోటికీ సరిగ్గా తిరగలేదు. వచ్చిన వారానికే ఊరు జపానమ్మ అని పిలవడం మొదలుపెట్టింది, అదే నిలిచిపోయింది. నేనూ అట్లాగే రాస్తాను.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు, ఎక్కడ చూసినా పచ్చిరంగు వాసన కొట్టే బోర్డులు, సభలు, పూలదండలు. ఊరి బయట మా ఆడపిల్లల బడి. చేతిపనులు నేర్పడానికి ఎక్కడో జపాను నుంచి క్రైస్తవ సంఘం తరఫున ఒక టీచరు వస్తోందంటే, తెల్లగా పొడుగ్గా దొరసానిలా ఉంటుందనుకున్నాం. తీరా రైలు దిగిన మనిషి నా భుజం దాకా వచ్చింది. బూడిదరంగు గౌను, గుండ్రటి కళ్ళజోడు. ప్లాట్‌ఫారం మీద దిగి ముందు రైలుకు వంగి దండం పెట్టింది. తరవాత మాకు పెట్టింది. పెట్టె మోసిన కూలీకి కూడా పెట్టింది. అతను బెదిరిపోయి పెట్టె కింద పెట్టేసి తనూ వంగాడు.

తెలుగు ఆమె పుస్తకంలో నేర్చుకోలేదు, మా వాళ్ళ నోళ్ళలోంచి ఏరుకుంది. మొదట దొరికిన మాట “అట్లనా”. ఎవరేం చెప్పినా తల ఊపుతూ “అట్లనా” అనేది. బావి ఎండిపోయిందంటే అట్లనా. ఫలానా వాళ్ళకు కొడుకు పుట్టాడంటే అట్లనా. వింటుంటే ఆ ఒక్క మాటలోనే సంతోషం, దిగులు, కోపం అన్నీ వేరువేరుగా తెలిసేవి. నన్ను “సుగుణక్కా” అనేది. నాకంటే పదేళ్ళు పెద్దది, అందరూ అక్కా అంటుంటే అదే నా పేరనుకుంది. చెప్పినా మార్చుకోలేదు.

ఆమె చేసిన మొదటి గొడవ చీపుర్లతో. సాయంత్రం బడి వదిలాక పిల్లల్ని ఆపి, తలా ఒక చీపురిచ్చి, తనూ గౌను ఎగదోపుకుని ఊడవడం మొదలుపెట్టింది. మర్నాడు ఒక పిల్ల నాయన కర్ర పట్టుకుని వచ్చాడు.

“మా పిల్లను సదువుకోను పంపినామా, కసువు ఊడ్సను పంపినామా? ఆ పని మా ఇంట్లో లేదా ఏంది?” అని గద్దించాడు.

జపానమ్మ అంతా విని “అట్లనా” అంది. అని, ఆయన నిలబడ్డ చోటే ఊడవసాగింది. ఆయన ఒక కాలు ఎత్తాడు, తరవాత రెండోది ఎత్తాడు. చివరికి కర్ర గోడకు ఆనించి నవ్వుకుంటూ పోయాడు. అయినా ఊళ్ళో ఆ మాట ఆగలేదు, టీచరమ్మ పిల్లల చేత పాకీపని చేయిస్తోందని అంటూనే ఉన్నారు. ఆమెకు అవి చేరుతూనే ఉండేవి.

చెప్పులంటే ఆమెకు పిచ్చి. గది బయట చెల్లాచెదురుగా పడి ఉంటే చూడలేదు. వంగి అన్నిటినీ జతజతగా, తిరిగి పోయేటప్పుడు కాలు దూర్చడానికి వీలుగా బయటివైపు తిప్పి పెట్టేది. కాపువాళ్ళ కిర్రుచెప్పులూ పెట్టేది, మాలపల్లె పిల్లల తెగిన చెప్పులూ పెట్టేది, ఒకే వరసలో. దానికీ కొందరికి మొహాలు మాడేవి.

ఇంకొకటి, ఆమెకు వద్దు అనడం రాదు. వద్దనుకున్నప్పుడు తల పక్కకు వంచి, పళ్ళ మధ్య నుంచి గాలి లోపలికి పీల్చేది. అది మా వాళ్ళకు కారం తిన్న మనిషి చేసే చప్పుడులా వినిపించేది. విస్తరి ముందు ఆమె అట్లా అంటే పాపం కారమైందని, ఇంకాస్త సంగటి ముద్ద, మీద నెయ్యి వేసేవాళ్ళు. కళ్ళనీళ్ళు తిరుగుతున్నా అంతా తినేది.

వద్దనడం రానట్టే, రెండోసారి అడగడమూ రాదు. ఒకసారి నేను విసుక్కున్నాను, అర్థం కాకపోతే మళ్ళీ అడగొచ్చు కదా అని.

“ఒకసారి అడిగితే నిజం చెప్తారు అక్కా. రెండోసారి అడిగితే నా కోసరం చెప్తారు” అంది.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో ఒకటికి పదిసార్లు అడిగించుకుంటే గాని ఎవరూ కాఫీ కూడా తాగరు.

తన సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది. మా ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని కందికట్టె ఎగదోస్తూ, యుద్ధంలో వాళ్ళ ఊరు కాలిపోయిందనీ, అమ్మ నాయన తమ్ముళ్ళు ఎవరూ మిగలలేదనీ చెప్పింది. అక్కడ తనకు ఇల్లు లేదని చెప్పి, మంట కాస్త తగ్గించింది. నేను అన్నం పెట్టాను.

లచ్చిమి సంగతి చెప్పకపోతే తక్కినదేదీ అర్థం కాదు. లచ్చిమి ఎనిమిదో తరగతి పిల్ల. వేళ్ళు ఎంత చురుకంటే, పాత కాగితం ఇస్తే కొంగను మడిచి ఇచ్చేది. జపానమ్మకు ప్రాణం. ఆ పిల్లకు ఉన్నట్టుండి త్రిపురాంతకం వైపు సంబంధం కుదిరింది. సంగతి తెలిసి జపానమ్మ వాళ్ళింటికి పోయి అరుగు మీద కూర్చుంది. పెండ్లి వద్దని ఒక మాట అనలేదు, ఊరికే కూర్చుంది. వాళ్ళు అన్నం పెడితే తిని, పళ్ళెం కడిగిచ్చి, మళ్ళీ కూర్చుంది. దారిన పోయేవాళ్ళంతా ఆగి చూశారు. ఆ ఇంటి మర్యాద పోయిందని ఊరు గుసగుసలాడింది. పెండ్లి మాత్రం ఆగలేదు.

అప్పగింతల నాడు మేమిద్దరం వెళ్ళాం. లచ్చిమిని పీట మీద కూర్చోబెట్టి, ముత్తైదువలు వరసగా వచ్చి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో దాని ఒడిలో పోస్తున్నారు. అదేమిటని జపానమ్మ పక్కనున్న ఓబుళమ్మవ్వను అడిగింది. అవ్వ లచ్చిమి నాయనను కన్న తల్లి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది.

“ఒడి నింపుతాండాము తల్లీ. ఒడి నింపినాక ఇంగ అది మన పిల్ల కాదు, వాళ్ళ పిల్ల” అంది అవ్వ.

మా దగ్గర ఆడపిల్లను పంపే ప్రతి ఇంట్లో ఆ మాట అంటారు, అని మళ్ళీ ఏడుస్తారు. ఏడాది తిరక్కుండా ఆ పిల్లే పుట్టింటి గడపలో ఉంటుంది. అదీ అందరికీ తెలుసు.

“అట్లనా” అంది జపానమ్మ. బండి కదిలేటప్పుడు అవ్వ “పోయి రా తల్లీ” అంటే, లచ్చిమి వస్తుందనే అనుకుంది కాబోలు. చాలా రోజులు తరగతిలో ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంచింది. లచ్చిమి మళ్ళీ బడికి రాలేదు. ఆ తరవాత జపానమ్మ ఆ వీధిలోకి పోవడం మానేసింది, లచ్చిమి పండక్కి పుట్టింటికి వచ్చిపోయేది ఆమె చూడనేలేదు.

ఆమెను పంపిన గడువు ఆ ఎండాకాలానికి అయిపోతుంది. సెలవుకు వాళ్ళ దేశం పోయి, తిరిగి వస్తుందో రాదో అక్కడి సంఘానికి చెప్పాలి. పోయేలోగా బడి వార్షికోత్సవం తనకు వదిలిపెట్టమని అడిగింది. వాళ్ళ దేశంలో ఏడాదికొకసారి బడి పండగ చేస్తారట. కుర్చీలుండవు, ఉపన్యాసాలుండవు, అన్నీ పిల్లలే నడుపుతారట. మా పెద్దటీచరమ్మది గుంటూరు, పద్ధతుల మనిషి.

“అధ్యక్షులు లేకుండా సభ ఎలా జరుగుతుందండీ? దండ ఎవరి మెడలో వేస్తాం?” అని బెంగపడిపోయింది.

జపానమ్మ తల పక్కకు వంచి గాలి పీల్చింది. పెద్దటీచరమ్మకు అప్పటికి ఆ చప్పుడు అర్థం తెలుసు, ఒప్పేసుకుంది.

ముందురోజు సాయంత్రం గుమ్మాలకు కాగితం తోరణాలు కడుతూ ఆమె నాతో అంది, “అక్కా, నాకు ఈడనే ఉండల్లని ఉంది. సచ్చేదాకా. కానీ ఊరికి నేను బరువైతే రాను. రేపు తెలుస్తాది.”

“ఉంచుకోకేం చేస్తారు, పిచ్చిదానా” అన్నాను.

చీపుర్లు, చెప్పులు, లచ్చిమి వాళ్ళ అరుగు, అన్నీ ఆమె మనసులో ఉన్నాయి. ఊరు అవన్నీ ఎప్పుడో మరిచిపోయి, ఈవిడ ఎక్కడి మాలోకమమ్మా అని ముద్దుగా చెప్పుకుంటోందని ఆమెకు తెలియదు.

మర్నాడు జనం వస్తారా అని పొద్దుటి నుంచి గేటు దగ్గరే నిలబడింది. చీర కట్టింది ఆ రోజు, చీరాల నేత. ఎండెక్కే వేళకు తల్లులు రావడం మొదలుపెట్టారు. ఆ తల్లుల్లో చాలామంది అంతకుముందు బడి గేటు దాటి లోపలికి అడుగుపెట్టలేదు. సభలకు మగవాళ్ళే వచ్చి కూర్చునేవాళ్ళు. ఈసారి ఒక్కో గదికి ఒక్కో తరగతి కాపలా. “అమ్మా, చెప్పులు ఈడ ఇడిసి రా” అని సొంత కూతురే చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోతుంటే, ఆ ఆడవాళ్ళు కొంగు సర్దుకుంటూ దొంగల్లా నడిచారు. ఒక గదిలో మార్కాపురం పలకలు గోడంతా నిలబెట్టి, వాటి మీద పిల్లలు తల్లుల బొమ్మలు గీశారు, కింద పేర్లు రాశారు. ఒకామె తన పేరు ఎట్లా ఉంటుందో మొదటిసారి అక్కడే చూసి వేలితో తడమబోయింది. “తుడ్సుకపోతాది మా” అని కూతురు కసిరింది. ఇంకో గది నల్లమల, కొమ్మలు కట్టి, గింజలు కుప్పలు పోసి పేర్లు చెప్పారు. ఇంకోదాంట్లో బొరుగుల దుకాణం. జపానమ్మ ఏ గదిలోనూ కనపడదు. బయట వరండాలో వంగి చెప్పులు సర్దుతోంది.

అప్పుడే గేటు దగ్గర గలభా అయింది. నేను పోయి చూస్తే ఓబుళమ్మవ్వ, వెనక ఒక గుంపు ఆడవాళ్ళు, చేతుల్లో చిన్నచిన్న మూటలు. పెద్దటీచరమ్మ అడ్డంగా నిలబడి ఉంది. జపానమ్మకు ఒడి నింపాలని వచ్చారట.

“ఇది దేవుని బడి ఓబుళమ్మా. ఇలాంటి ఆచారాలు ఇక్కడ వద్దు.”

“పసుపు వద్దంటే మానుకుంటాము. బొట్టు వద్దంటే మానుకుంటాము. బియ్యం దేవుడిచ్చినవే గదమ్మా, వాటికేముంది?” అంది అవ్వ.

వెనక నుంచి ఎవరో, “పెండ్లి గాని మనిషికి ఒడిబియ్యం ఏందత్తా?” అన్నారు.

“ఆయమ్మకు అమ్మ లేదు, నాయన లేదు. ఊరు గాని ఊరికి అంత దూరం పోతాంది. మనం నింపకుంటే ఎవరు నింపుతారు? మన ఆడబిడ్డ అని తెలియొద్దా? మల్లా ఈడికే రావొద్దా?”

ఈ మాటలన్నీ గేటు దగ్గర జరిగాయి. వినవలసిన మనిషి అవతల వరండాలో చెప్పులు సర్దుకుంటోంది.

మా వైపు అప్పట్లో వరి అన్నం పండగకే. ఇళ్ళల్లో జొన్నలు, సజ్జలు, కొర్రలు. బియ్యం ఉన్నవాళ్ళు దోసెడు తెచ్చారు. లేనివాళ్ళు కొర్రలు తెచ్చారు. ఒడిలో కొర్రలేమిటని ఒకరిద్దరు నసిగితే, అవ్వ చూసిన చూపుకు నోరు మూసుకున్నారు. మాలపల్లె నుంచి వచ్చిన తల్లులు కాస్త వెనగ్గా నిలబడ్డారు. వాళ్ళనూ అవ్వే రమ్మంది. జపానమ్మ వచ్చాక ఆ ఊళ్ళో అట్లాంటివి కొన్ని జరిగాయి.

ఆమెను తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టి కొంగు పట్టమన్నారు. ఎదురుగా మూట విప్పుతున్న ఓబుళమ్మవ్వను చూడగానే ఆమె మొహంలో రంగు పోయింది. అది సంతోషమనుకున్నాను. అందరం అదే అనుకున్నాం. రెండు చేతులతో కొంగు ఒడిగా పట్టుకుని, కదలకుండా కూర్చుంది. ఒక్కొక్కరూ వచ్చి పోశారు, నేనూ పోశాను. తెల్లటి బియ్యంలో కొర్రలు పచ్చగా కలిసిపోయాయి. ఆడవాళ్ళందరూ ఏడుస్తున్నారు. ఒడిబియ్యం దగ్గర ఏడవని ఆడది మా దగ్గర లేదు. ఆమె ఒక్కతే ఏడవలేదు.

అంతా అయ్యాక అవ్వను అడిగింది, “ఇది ఏడ వండల్ల?”

“నువ్వు పోయే ఇంట్లో వండి, సుట్టుపక్కలోళ్ళందరికీ పెట్టల్ల తల్లీ.”

“అట్లనా” అంది. ఆ రోజు ఆ మాట ఎట్లా అందో నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అంతకుముందు ఆమె నోట అన్ని రకాలుగా విన్నదాన్ని, ఆ రకం వినలేదు. తరవాత పీట దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క గింజ జారకుండా ఒడి పట్టుకుని, నుదురు నేలకు ఆనేలా వంగింది. చాలాసేపటికి గాని లేవలేదు.

రైలెక్కించడానికి స్టేషనుకు ఊరంతా వచ్చింది. “పోయి రా తల్లీ” అన్నారు. లచ్చిమికి కూడా ఆ మాటే అన్నారని మాకెవరికీ తోచలేదు. రైలు మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలో వంగే ఉంది.

జూన్‌లో బడి తెరిచారు. ఆమె గది కడిగించి ఉంచాం. పిల్లలు చెప్పులు బయటివైపు తిప్పి పెడుతూనే ఉన్నారు. వానలు పడ్డాక సంఘం నుంచి కబురొచ్చింది, ఆమే కోరి అక్కడి బడిలో చేరిందని. పెద్దటీచరమ్మ ఆ సంగతి చెప్పిన రోజు నేను ఇంటికి పోయి అన్నం తినలేదు. ఓబుళమ్మవ్వ ఎదురుపడినప్పుడల్లా, “ఒడి నింపి పంపితిమి గదా సుగుణమ్మా. మనం ఏం తక్కువ సేసినాము?” అనేది. కొన్నాళ్ళకు, “ఆయమ్మ మాట నా ముందర తీయొద్దు” అంది. ఊరంతా మొహం ముడుచుకుంది. రానన్న మనిషిని మనం ఎందుకు అడగాలన్నారు. నేనూ ఆ ఊరిదాన్నే.

ఇదంతా జపాను అమ్మాయికి చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

“ఆమె మాతో వేరేగా చెప్పేది” అంది. “ఆ ఊరివాళ్ళు ఒక అమ్మాయి ఒడి నింపడం చూశాను, ఆ అమ్మాయి ఇక మనది కాదన్నారు, ఆమె తిరిగి రాలేదు. అదే పెద్దామె నా ఒడి కూడా నింపింది. అంత గౌరవంగా పొమ్మన్నవాళ్ళు ఇంకెక్కడా ఉండరు, కష్టపెట్టకూడదని నేను అడగలేదు, అనేది.”

ఆ గింజలు తీసుకుపోయి ఏం చేసిందని అడిగాను. అక్కడికి చేరిన వారంలోనే వండి, చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి పెట్టిందట. అన్నం పొడిపొడిగా ఉండి, వాళ్ళు అన్నం తినే పుల్లలకు అంటుకోక, కొర్రలు చాపల మీద రాలిపోయి అందరూ నవ్వారట. ఆమె ఒక్కొక్క గింజా ఏరుకుని తిన్నదట.

“మా బడి పండగలో ఆమె తరగతి ఏటా ఒకటే కట్టేది” అంది ఆ అమ్మాయి. “అట్టముక్కలతో గిద్దలూరు స్టేషను. బోర్డు మీద తెలుగు అక్షరాలు ఆమే రాసేది. నా చిన్నప్పుడు నేను అందులో టికెట్లు ఇచ్చాను. వచ్చినవాళ్ళు రైలెక్కడని అడిగితే, ఇంకా రాలేదని చెప్పమనేది. అందుకే అసలు స్టేషను చూద్దామని వచ్చాను.”

నాకు ఏడుపు ఆగలేదు. చెప్పడానికి ఓబుళమ్మవ్వ లేదు, పెద్దటీచరమ్మ లేదు. లచ్చిమి ఉంది. త్రిపురాంతకంలో కొడుకు దగ్గర ఉంటుంది. మరుసటి వారం బస్సెక్కి పోయాను.

నేను పోయేసరికి ఇంటి ముందు కారు నిలబడి ఉంది. లచ్చిమి మనమరాలిని అత్తగారింటికి పంపుతున్నారు, పిల్ల పీట మీద కూర్చుని ఉంది. లచ్చిమిని పక్కకు పిలిచి, జపానమ్మ పోయిన సంగతి, ఒడిబియ్యం సంగతి, అట్ట స్టేషను సంగతి అంతా చెప్పాను. ముసలిది అయిపోయింది లచ్చిమి. గోడ పట్టుకుని విన్నది.

“అట్లనా” అంది. అచ్చం ఆమె అన్నట్టే.

తరవాత పోయి దోసిట్లో బియ్యం తీసుకుంది. మనమరాలి ఒడిలో పోయకుండా అట్లాగే పట్టుకుని నిలబడింది.

“నిన్ను పంపించేస్తా లేము, ఇన్నావా? ఈ ఇల్లు నీదే. నువ్వు మల్లా రావల్లనే పోస్తాండా.”

“ఆ మాత్రం నాకు తెలీదా అవ్వా?” అని నవ్వింది పిల్ల.

“తెలీదు” అంది లచ్చిమి. “ఇన్నానని నోటితో చెప్పు, అప్పుడు పోస్తా.”